ఆమె మిషన్ ఆగేది కాదు

ఒక మనిషి పాదాన్ని చూసి కుళ్లుకున్న ఆడది ఈ లోకంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను. రంగు చూసి కుళ్లుకుంటారు, జడ చూసి కుళ్లుకుంటారు, మెడలో ఉన్నది చూసి కుళ్లుకుంటారు. నేను మాత్రం కుట్టుమిషన్ తొక్కుతున్న ఒక పాదాన్ని చూసి దాదాపు ఏడాది పాటు కడుపు మండించుకున్నాను.

గోదావరి ఒడ్డున బూర్గంపాడులో మా చర్చి వెనక ఒక రేకుల గది ఉంది. ఒకప్పుడు సండే స్కూలు పిల్లలు కూర్చునేవారు. వాళ్లను ముందు హాలుకు మార్చాక పాస్టరయ్య భార్య, మేమందరం అమ్మగారు అని పిలిచే ఆవిడ, అందులో రెండు కాలిమిషన్లు వేయించింది. మొగుడి చేతిలో దెబ్బలు తిని పుట్టింటికి వచ్చి పడ్డ ఆడవాళ్లకు చేతిలో ఏదో ఒక పని ఉండాలని ఆమె ఆలోచన. అలా మొదట వచ్చి పడ్డదాన్ని నేను. చాలాకాలం రెండో మిషన్ మీద దుప్పటి కప్పే ఉండేది.

ఆ గదికి ఇనుప రేకు తలుపు. గోదావరి వైపు నుంచి గాలి లేచిందంటే అది వెళ్లి గోడకు ధడేల్మని కొట్టుకుంటుంది. మూసి గొళ్లెం పెడదామంటే పైన రేకులు, లోపల ఉక్క. తెరిచే ఉంచాలి. అది కొట్టుకున్న ప్రతిసారీ నా పాదం బిగుసుకుపోయేది, మిషన్ ఆగిపోయేది. మళ్లీ తొక్కడానికి ఎంతసేపు పట్టేదో నాకే తెలిసేది కాదు.

ఎందుకో చెప్పాలి. నా భర్తది తిరుమలాయపాలెం వైపు. బయట మెత్తని మనిషి, నలుగురిలో నన్ను గట్టిగా ఒక్క మాట అనేవాడు కాదు. కొట్టే ముందు మాత్రం తలుపు వేసేవాడు. మామూలుగా వేసేవాడు కాదు, విసిరి వేసేవాడు. ఆ చప్పుడు తర్వాత బెల్టు తీసేవాడు. తొమ్మిదేళ్లలో బెల్టుకు ఒళ్లు అలవాటు పడిందంటే మీరు నమ్మరు గానీ, తలుపు చప్పుడుకు మాత్రం అలవాటు పడలేదు. పక్కటెముక విరిగి దవాఖానాలో పడి ఉన్నప్పుడు నర్సు మా అమ్మకు ఫోన్ చేసింది. అమ్మ వచ్చింది, బూర్గంపాడు తీసుకొచ్చింది, వేడినీళ్ల కాపడం పెట్టింది. నాలుగో రోజు నుంచి “ప్రార్థన చేస్కో బిడ్డా, మనసు మారుతది” అనడం మొదలుపెట్టింది. ఎవరి మనసో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.

మా సంఘంలో శుక్రవారం పొద్దున ఆడవాళ్ల ఉపవాస కూడిక జరుగుతుంది. అందులో సాక్ష్యాలు చెప్తారు. దేవుడు నాకు ఫలానా మేలు చేశాడని లేచి నిలబడి అందరి ముందూ చెప్పుకోవడం అన్నమాట. దానికి ఒక నడక ఉంది. ముందు కష్టం చెప్పాలి. కొంచెం ఏడవాలి. తర్వాత ప్రార్థన చేశానని చెప్పాలి. చివరికి విడుదల పొందానని చెప్పి కూర్చోవాలి. విడుదల దాకా రాకుండా ఎవరైనా కూర్చుంటే వినేవాళ్లకు ఆమెన్ ఎక్కడ అనాలో తెలియదు. చిన్నప్పటి నుంచి వింటున్నదాన్ని కాబట్టి ఆ నడక నాకు నిద్రలో లేపి అడిగినా వచ్చు.

పుట్టింటికి వచ్చిన నాలుగో నెలలో నేనూ లేచాను. కష్టం చెప్పాను. ఏడుపు దానంతటదే వచ్చింది. నిజానికి అక్కడే ఆగిపోవాలి, ఎందుకంటే ఆ తర్వాత చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. కానీ చాపల మీద కూర్చున్న అంతమంది ఆడవాళ్లు నా నోటి వైపే చూస్తున్నారు. “నాకిప్పుడు భయం లేదు. నా భర్తను క్షమించిన. దేవునికి స్తోత్రం” అన్నాను. హాలంతా హల్లెలూయ అంది. అమ్మగారు వచ్చి కౌగిలించుకుంది. మా అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తొమ్మిదేళ్లుగా నా వంట దగ్గర నుంచి నడక దాకా తప్పు పట్టినవాళ్లే తప్ప మెచ్చుకున్న మనిషి లేడు. ఆ మెప్పు నాకు ఎంత తియ్యగా అనిపించిందో చెప్పడానికి సిగ్గేస్తోంది. దాన్ని పోగొట్టుకోలేక ఆ అబద్ధాన్ని పట్టుకుని వేలాడాను.

అందుకే ఆ తలుపుకు ఒక ఇటుక అడ్డం పెట్టలేకపోయాను. ఇటుకలు గది పక్కనే ఉన్నాయి, ప్రహరీ కట్టగా మిగిలినవి. ఒకటి తెచ్చి తలుపు కింద పెడితే చప్పుడు ఉండదు. కానీ భయం పోయిందని మైకులో చెప్పిన మనిషి తలుపు చప్పుడుకు ఇటుక పెట్టుకుందని తెలిస్తే ఏమంటారు? ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి? అలా ఒక ఇటుక కోసం రోజూ ఆలోచిస్తూ, రోజూ చెమటలు పట్టించుకుంటూ కూర్చున్నాను.

రెండో ఏడు ఎండాకాలంలో, బీడీల తునికాకు ఏరడం అయిపోయే రోజుల్లో, ఆమె వచ్చింది. అడవి వైపు గూడెం పిల్ల, నాకంటే పదేళ్లు చిన్న. వాళ్లు చర్చికి వచ్చేవాళ్లు కాదు. అమ్మగారు దవాఖానాలో చూసి, మాటలు కలిపి తీసుకొచ్చింది. మొగుడు విరగ్గొట్టిన ఎడమ మణికట్టు కొంచెం వంకరగా అతుక్కుంది. ఆ వంకర చేత్తోనే గుడ్డ తిప్పడం వారం రోజుల్లో నేర్చుకుంది.

మిషన్ మీద కూర్చున్న మొదటి రోజే గాలి లేచింది. తలుపు ధడేల్మంది. నా మిషన్ ఆగింది. ఆమెది ఆగలేదు. ఆగకపోగా ఇంకా జోరందుకుంది. తల కూడా ఎత్తలేదు. నేను ఆమె పాదం వైపు చూశాను. మడమ పగిలిన మామూలు పాదం, గోళ్లలో మట్టి, అది గడగడా తొక్కుతూనే ఉంది. నాకు ఆ పాదం కావాలనిపించింది.

ఇక అక్కడి నుంచి నా బతుకు చూడాలి. ఆమె అన్నం డబ్బా విప్పితే కుళ్లు. పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ డబ్బా ఖాళీ చేసేది, నేను నాలుగు ముద్దలకే మూత పెట్టేదాన్ని. మధ్యాహ్నం గుడ్డల మూట మీద తల వాల్చిందంటే క్షణంలో నిద్ర, పైగా గురక. నేను నిద్రపోయి ఎన్నాళ్లయిందో. ఫోన్‌లో డిజైన్లు చూసి వీపు సగం కనిపించే జాకెట్లు కుట్టుకుని వేసుకునేది. నా వీపు మీద ఉన్న మచ్చలకు మెడ దాకా మూసిన జాకెట్టు తప్ప నాకు దిక్కు లేదు. పెళ్లి కుదిరిన ఆడపిల్లలు వచ్చి “గా చిన్నక్క కుట్టిందే కావాలె” అని అడగడం మొదలుపెట్టారు. ఆ చిన్నక్కకు కత్తెర పట్టుకోవడం నేర్పింది ఈ పెద్దక్క అని ఎవరికి గుర్తు? ఒకరోజు ఆమె లేనప్పుడు ఆమె మిషన్ సూది వదులు చేసి పెట్టాను. వచ్చి చూసుకుని బిగించుకుంది. “అక్కా, నీది గూడ ఒకపారి సూస్కో. గీ మిషన్ల సూదులు వదులైతున్నయ్” అంది. ఆ మంచితనానికి ఒళ్లు మరింత మండింది.

అన్నిటికన్నా ఎక్కువ మంట ఆమె తల్లి గురించి. రోజూ పదకొండు గంటలకు తల్లి ఫోన్ చేసేది. ఇద్దరూ కోయ భాషలో మాట్లాడుకుంటూ నవ్వుకునేవారు. నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు.

“ఏమంటది మీ అమ్మ?” అని ఉండబట్టలేక ఒకరోజు అడిగాను.

“ఏం లేదక్కా. తిన్నవా అన్నది. నా మొగడు ఫోన్ చేసిండంట. మల్ల ఫోన్ చేస్తే కాళ్లిరగ్గొడ్త అన్నదంట.” చెప్పి కిసుక్కున నవ్వింది.

తల్లి తిట్టిందట! అల్లుణ్ని! మా అమ్మ ఇంకా ప్రతి శుక్రవారం ప్రార్థన చీటీ మీద అల్లుడి పేరు రాసి పెట్టెలో వేస్తోంది. ఆ రోజు ఇంటికి వెళ్లి అమ్మతో మాట్లాడలేదు. గిన్నెలన్నీ చప్పుడయ్యేలా కడిగాను. ఏమైందని అమ్మ రెండుసార్లు అడిగి ఊరుకుంది.

వానాకాలంలో ఒక శుక్రవారం అమ్మగారు ఆ పిల్లను కూడా కూడికకు రమ్మంది. మర్యాదకు వచ్చి నా పక్కనే కూర్చుంది. సాక్ష్యాల సమయంలో ఎవరో ఆమెను కూడా లేపారు. పాపం, ఆ నడక ఆమెకు ఏం తెలుసు అని లోపల సంతోషపడ్డాను.

“నాకు గిట్ల చెప్పుడు రాదు” అంది నిలబడి. “నా మొగడు నా చెయ్యి ఇరగ్గొట్టిండు. నాకింక కోపం పోలేదు. మాఫ్ జెయ్యలేదు. చేస్తనో చెయ్యనో తెల్వది. మిషన్ నేర్చుకుంటున్న. గంతే.”

కూర్చుంది. ఆమెన్ ఎక్కడ అనాలో ఎవరికీ తెలియలేదు. కాసేపటికి వెనక వరుసలో ఒక ముసలావిడ మెల్లగా “స్తోత్రం” అంది.

నాకు గొంతు దాకా కోపం వచ్చింది. అలా అనవచ్చా? అలా అని కూర్చోవచ్చా? అలా కూడా అనవచ్చని నాకెవరూ చెప్పలేదే! పైగా ఆ వారం నుంచి ఆడవాళ్లు ఒక్కొక్కరే రేకుల గదికి రావడం మొదలుపెట్టారు. జాకెట్టు కొలతలిచ్చే వంకతో వచ్చి, ఆమె పక్కన పీట వేసుకుని, గొంతు తగ్గించి ఏవేవో చెప్పుకునేవారు. ఒకామె ఏడ్చింది కూడా. నా సాక్ష్యానికి హల్లెలూయలు వచ్చాయి. నా దగ్గరకు వచ్చి కూర్చున్నవాళ్లు ఒక్కరు లేరు.

మరుసటి ఫిబ్రవరిలో ఒక గురువారం మధ్యాహ్నం మా సంఘ పెద్ద మా ఇంటికి వచ్చాడు. రిటైరైన టీచరు, మంచివాడు, సంఘంలో ఎవరికి ఏ కష్టం వచ్చినా ముందుంటాడు. బోనకల్లో ఏదో పెళ్లికి వెళ్తే అక్కడ నా భర్త కలిశాడట.

“మంచి వార్త బిడ్డా. నీ సాక్ష్యం ఆయనకు చెప్పిన. కండ్లనీళ్లు పెట్టుకున్నడు. ఈ ఆదివారమే వస్తుండు. ఆరాధన అయినంక అయ్యగారు మీ ఇద్దరి చేతులు కలిపి ప్రార్థన చేస్తరు. ఆ రోజే తోలుకపోతనన్నడు” అన్నాడు.

“నేను... సార్...” అన్నాను.

“క్షమించిన అని నువ్వే చెప్పినవ్ కద బిడ్డా. అందరం విన్నం.”

ఏమనాలి? చెప్పింది నేనే. ఆయన నా నెత్తిన చెయ్యి పెట్టి, టీ తాగి, వెళ్లిపోయాడు. సాయంత్రం చూస్తే అమ్మ నా చీరలు మడతపెట్టి పెట్టెలో సర్దుతోంది.

శనివారం పొద్దున గదికి వెళ్లాను. ఎల్లుండి ఈ వేళకు నేను ఆ ఇంటి తలుపు అవతల ఉంటాను. ఈమె ఇక్కడే ఈ మిషన్ తొక్కుకుంటూ, మిరపకాయ కొరుక్కుంటూ ఉంటుంది. ఇంత అన్యాయం ఎక్కడైనా ఉంటుందా అనిపించింది. సరిగ్గా అప్పుడే ఒకామె తన జాకెట్టు తెచ్చి, చంక కింద కుట్టు పిగిలిందని చెప్పి ఇచ్చి వెళ్లింది. చిన్నక్క కుట్టిన జాకెట్టు! ఆ బాధలో కూడా నాకు ఎంత సంతోషమేసిందో. తప్పు ఆమెకు చూపించి మరీ విప్పుదామని బ్లేడు తీసుకుని లైనింగు తిరగేశాను.

లోపల చాక్‌పీసు గీత తిన్నగా ఉంది. కుట్టు కొంతదూరం గీత మీదే వచ్చి, ఉన్నట్టుండి పక్కకు దూకి, వేలెడు దూరం అడ్డదిడ్డంగా పరుగెత్తి, మళ్లీ గీత మీదకు వచ్చింది. ఇంకొంత దూరం పోయాక మళ్లీ అలాగే. అలా నాలుగు చోట్ల.

“ఏంది గీ కుట్టు? కండ్లు మూస్కొని కుట్టినవా?” అని జాకెట్టు ఆమె ఒళ్లోకి విసిరాను.

ఆమె దాన్ని చూసి తల వంచుకుంది. “తలుపు కొట్టుకున్నదక్కా” అంది.

“కొట్టుకుంటే?”

“కొట్టుకున్నప్పుడల్ల నా కాలు గట్టిగ తొక్కుతది. ఆపితే చెయ్యి వణుకుతది, నువ్వు చూస్తవని ఆపను. గట్లనే ఉరికిస్త. గుడ్డ యాడికి పోతదో నాకే తెల్వది. రోజు ఇంటికి తీస్కపోయి విప్పి చేత్తోని మల్ల కుడ్త. ఇదొక్కటి మర్సిన.”

నేను పీట మీద కూలబడ్డాను. “నీకు భయమా?” అన్నాను.

“నీకు పోయింది కదక్కా. అందరు చెప్తరు. భయం పోయినామె పక్కన కూసోని నేను తలుపుకు భయపడితే నవ్వరా?” అంది. జాకెట్టు మడత విప్పుతూ, “నిన్ను చూస్తే నాకు కుళ్లు” అంది.

దాదాపు ఏడాది పాటు ఆ పాదాన్ని చూసి నేను మండిపోయాను. ఆ పాదం మాత్రం నన్ను చూసి భయంతో పరుగెత్తింది. “నాకు పోలేదే” అన్నాను. “ఒక్క రోజు పోలేదు. ఉత్తగ చెప్పిన.”

ఆమె కళ్లెత్తి చూసింది. “మరి రేపు పోతవా?” అంది.

ఇద్దరం కలిసి ఆ జాకెట్టు విప్పాం.

ఆదివారం ఆయన వచ్చాడు. తెల్ల చొక్కా, చంకలో జిప్పు బైబిలు. మగవాళ్ల వైపు మూడో వరుసలో కూర్చుని, పాట పాడేటప్పుడు కళ్లు మూసుకున్నాడు. నాలుగు వరుసల వెనక నుంచి కూడా ఆయన వాడే నూనె వాసన నాకు తెలిసింది. అమ్మ నా పక్కన కూర్చుని ఉంది. నా పెట్టె చర్చి మెట్ల దగ్గర ఉంది. ఆ పిల్ల లోపలికి రాకుండా గుమ్మం పక్కన నిలబడింది.

ఆరాధన అయ్యాక సంఘ పెద్ద లేచి విషయం చెప్పాడు. హల్లెలూయ అన్నారు. పాస్టరయ్య మమ్మల్ని ముందుకు పిలిచాడు. నా భర్త నాకంటే ముందే వెళ్లి నిలబడ్డాడు. నేను వెళ్లి మైకు అడిగాను. మళ్లీ సాక్ష్యం చెప్తాననుకుని సంతోషంగా ఇచ్చారు.

“నేను ఇదే జాగల నిలబడి అబద్ధం చెప్పిన” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. “నాకు భయం పోలేదు. తలుపు కొట్టుకున్నా భయమే. నేను మాఫ్ జెయ్యలేదు. నా సాక్ష్యం వాపస్ తీస్కుంటున్న. నేను ఆయనతోని పోను.”

సాక్ష్యం వాపసు తీసుకోవడం మా సంఘంలో ఎవరూ ఎప్పుడూ వినలేదు. సంఘ పెద్ద ముఖం ఎర్రబడింది. “వాపస్ తీస్కునుడేంది బిడ్డా? దేవుని ముంగట చెప్పినవ్ అది.”

“దేవునికి అప్పుడే తెలుసు సార్. మీకు తెల్వాలనే చెప్తున్న.”

ఆయన, నా భర్త, నా వైపు ఒక అడుగు వేశాడు. మెత్తగానే, నాకు మాత్రమే వినిపించేలా, “ఇంటికి నడువ్. తలుపేస్కొని మాట్లాడుకుందాం” అన్నాడు.

నా చేతిలో మైకు ఉందని ఆయన మరిచిపోయాడు. ఆ మాట హాలంతా వినిపించింది. అందరికీ అది మామూలు మాటే. నాకది బెల్టు తీసే ముందు వినిపించే చప్పుడు. అప్పుడు ఆడవాళ్ల వైపు నుంచి మా అమ్మ లేచింది. మోకాళ్ల నొప్పులామె, ఒకరి భుజం పట్టుకుంటే తప్ప లేవలేదు. పట్టుకునే లేచింది.

“నా బిడ్డ రాదు” అంది. “నీ కోసం ప్రార్థన చేసిన, ఇగ గూడ చేస్త. గానీ బిడ్డ రాదు. గా పెట్టెల చీరలు నేనే సదిరిన, నేనే తీస్త.”

అమ్మగారు వచ్చి మా ఇద్దరి మధ్య నిలబడి ఆయన్ని బయటికి పొమ్మంది. ఆయన వెళ్లిపోయాడు. ఆమెన్ ఎవరూ అనలేదు. వెనక వరుస ముసలావిడ ఆ రోజు రాలేదు, వచ్చి ఉంటే స్తోత్రం అనేదేమో. సంఘ పెద్ద ఇప్పటికీ నేను వందనాలు చెప్తే పక్కకు చూస్తాడు. ఆ మధ్య అమ్మగారు నాకు తోడుగా పోలీస్ స్టేషన్‌కు వచ్చి కేసు పెట్టించింది. అల్లుడి పేరు రాసే చీటీ మీద అమ్మ ఇప్పుడు నా పేరు రాస్తోంది. ఇంటికి వస్తూ వస్తూ ఆ రోజు పెట్టెను తనే మోస్తానని పంతం పట్టింది, సగం దారిలో ఇద్దరం చెరో వైపు పట్టుకున్నాం.

ఆ మరునాడు సోమవారం గదికి వెళ్లేసరికి గాలి బాగా ఉంది. తలుపు చప్పుడు మాత్రం లేదు. వంగి చూశాను. తలుపు కింద ఇటుక ఉంది. ఆ పిల్ల అప్పటికే మిషన్ మీద కూర్చుని దారం ఎక్కిస్తోంది.

“మంచిగ పెట్టిన్నా అక్కా?” అంది.

రెండేళ్లుగా ఆ ఇటుక గురించి ఆలోచించింది నేను, తెచ్చి పెట్టింది ఆమె. దానికి కూడా కుళ్లుకున్నాను, ఏం దాచుకోను. వంకర పెట్టావని సణుగుతూ ఇటుకను కాలితో నాలుగు వేళ్లు ఇవతలికి జరిపి, వెళ్లి నా మిషన్ మీద కూర్చున్నాను. సాయంత్రం దాకా గాలి వీస్తూనే ఉంది. ఆ రోజు నా మిషన్ కూడా ఆగలేదు.